బెంగ దగ్గర విరగ్గొట్టకండి

పోయిన సంచికలో నా వ్యాసం చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. రెండో కాలమ్‌లో ఒక లైన్ చివర "బెంగ-" అని, కింది లైన్ మొదట్లో "ళూరు" అని పడింది. వారం రోజులు ఫ్రెండ్స్ నన్ను "ఏమే, ళూరు మీద బెంగ తీరిందా?" అని ఏడిపించారు. నేనూ నవ్వాను. కానీ తర్వాత ఆలోచిస్తే, మన ఊరి పేరును అక్కడ విరగ్గొట్టింది ఎవరు? నేను కాదు, టైప్ చేసిన అమ్మాయీ కాదు. సాఫ్ట్‌వేర్. ఏ సాఫ్ట్‌వేరైనా అంతే చేస్తుంది. దానికి తెలుగు అక్షరాలు తెలుసు, తెలుగు తెలియదు.

అది చేసే పని తప్పని అనలేం. గుణింతాన్ని, వత్తును అక్షరం నుంచి విడదీయకూడదు, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎక్కడైనా విరవొచ్చు అన్నది దానికున్న సూత్రం. తెలుగు, కన్నడం, మలయాళం లాంటి మన భాషలకు ఈ సూత్రాలను సంతోష్ తొట్టింగల్ రాసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. అవి లేని పాత డీటీపీ ఫాంట్లలో వత్తు ఒక్కటే తెగి కింది లైన్‌కు పోయిన రోజులున్నాయి. కాబట్టి ఉన్నంతలో ఇది మేలే. కానీ ఆ సూత్రం ప్రకారం "కానిస్టేబుల్" కాస్తా "కాని-స్టేబుల్" కావచ్చు. "అధ్యాపకురాలు" కాస్తా "అధ్యాపకు-రాలు" కావచ్చు. ఆకు రాలినట్టు మన మేడమ్ కింది లైన్‌లో రాలడం చూడ్డానికి బాగుంటుందా? ఆడవాళ్ళ కాలేజీ పత్రికలో ఈ "రాలు" పేజీకి నాలుగుసార్లు వస్తుంది మరి.

"అసలు పదాలు విరవడం ఎందుకు, ఆపేస్తే సరి" అని కొందరంటారు. ఆపి చూశాం. మన కాలమ్ సన్నం, మన మాటలు పొడుగు. "చేయవలసివచ్చినప్పటికీ" అనే ఒక్క మాట కింది లైన్‌కు దిగితే, పై లైన్‌లో మిగిలిన మూడు మాటలూ పళ్ళూడిన నోరులా కనిపిస్తాయి. ఇంకొందరు "తాటాకుల మీద మనవాళ్ళు ఎక్కడ ఆకు అయిపోతే అక్కడే విరిచారు కదా, పద్యంలో పాదం చివర పదం విరగడం లేదా?" అని అడుగుతారు. నిజమే. కానీ తాటాకును పైకి చదివేవాళ్ళు. పద్యాన్ని చెవి నడిపిస్తుంది. గోడ పత్రికను మనం లైబ్రరీకి పోతూ నిలబడి, కళ్ళతో చదువుతాం. "బెంగ" దగ్గర కన్ను ఆగితే మనసు కూడా అక్కడే ఆగుతుంది.

దీనికి మందు మినహాయింపుల జాబితా. ఇంగ్లీషుకూ అది తప్పలేదు. ఫ్రాంక్ లియాంగ్ 1983లో స్టాన్‌ఫర్డ్‌లో చేసిన పరిశోధన నుంచి టెక్ అనే ముద్రణ వ్యవస్థకు 4447 సూత్రాలు వచ్చాయి. అయినా 14 మాటలను విడిగా రాసి పెట్టుకోవలసి వచ్చింది. "ప్రాజెక్ట్", "ప్రెజెంట్" అందులోవే. ఇన్‌డిజైన్‌లో అయితే యూజర్ డిక్షనరీలో మాట రాసి, విరవదగిన చోట టిల్డా గుర్తు పెడతాం. ఒక టిల్డా అంటే మంచి చోటు, రెండంటే ఫరవాలేదు, మూడంటే గత్యంతరం లేకపోతేనే. మాటకు ముందు పెడితే అసలు విరవొద్దని. లిబ్రెఆఫీస్‌లో ఆ పనికి సమానం గుర్తు.

వినడానికి సులువుగా ఉంది కదా? తెలుగులో రెండు చిక్కులున్నాయి. మొదటిది విభక్తులు. జాబితాలో "బెంగళూరు" అని రాస్తే ఆ ఒక్క రూపానికే వర్తిస్తుంది. బెంగళూరులో, బెంగళూరుకు, బెంగళూరువాళ్ళు అన్నీ దాని లెక్కలో వేరే మాటలు. రెండోది సంధి. మాటల అతుకు తరచుగా అక్షరం లోపలే దాక్కుంటుంది. బెంగళూరులోని "ఊరు" ళూ అక్షరంలో కలిసిపోయింది. "సూర్యోదయం"లో ఉదయం ర్యో లోపల ఉంది. అక్షరాన్ని చీల్చలేం కాబట్టి ఏదో ఒక పక్కకు జరగాలి. ఏ పక్కకు అన్నది కంప్యూటర్ చెప్పదు, సంధి తెలిసినవాళ్ళు చెప్పాలి. "సంధులు నేర్చుకుని ఏం చేస్తాం" అని ఫస్ట్ ఇయర్‌లో అడిగినదాన్ని నేనే. ఇదిగో, ఇది చేస్తాం.

మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది కన్నడం. ఈ గోల చెప్తే నాన్న "మా పేపర్లలోనూ ఇదే కథ" అన్నారు. ఊరు రెండు భాషల్లోనూ ఊరే. అందుకే మన పక్క గది కన్నడ డిపార్ట్‌మెంట్ వాళ్ళను కూడా పిలవాలని నా కోరిక.

నా తప్పు కూడా ఒప్పుకుంటాను. అంతకు ముందు సంచికలో తెలివిగా లైన్ చివర్లలో చేత్తో హైఫన్లు కొట్టాను. చివరి నిమిషంలో ఫోటో చేరింది, కాలమ్ కదిలింది, నా హైఫన్లన్నీ లైన్ల నడిమధ్యకు వచ్చి కూర్చున్నాయి. అలా కొట్టకూడదు. ఒక్కసారికే కావాలంటే, అవసరమైనప్పుడు మాత్రమే కనిపించే సాఫ్ట్ హైఫన్ ఉంది. మళ్ళీ మళ్ళీ వచ్చే మాటలకు జాబితాయే దిక్కు. అది కూడా ఒక్క కంప్యూటర్‌లో ఉంటే చాలదు. మన సీనియర్లు కష్టపడి చేర్చిన మాటలు ల్యాబ్‌లో ఆ సిస్టమ్ ఫార్మాట్ చేసిన రోజే పోయాయి. ఎవరూ కాపీ తీసి పెట్టలేదు.

కాబట్టి నేను అడిగేది ఇదే. డిపార్ట్‌మెంట్‌కు సొంతంగా ఒక జాబితా ఉండాలి. యూనికోడ్‌లో, మామూలు టెక్స్ట్ ఫైలుగా, లైనుకో మాట. ఇన్‌డిజైన్‌లోకి దాన్ని నేరుగా దిగుమతి చేసుకోవచ్చు. భాషంతా ఎక్కించనక్కర్లేదు. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, విరిస్తే అర్థం మారే మాటలు, వాటికి మామూలుగా చేరే విభక్తి రూపాలు చాలు. సందేహం వస్తే వ్యాకరణం క్లాసులో పది నిమిషాలు వాదించుకుందాం. మేడమ్‌లు చివరి మాట చెప్తారు. ప్రతి ఏడాదీ ఫైనల్ ఇయర్ అక్కలు వెళ్ళేముందు ఆ ఫైలును చెల్లెళ్ళ చేతిలో పెట్టాలి.

ఈ బోర్డు కింద దారానికి ఒక నోట్‌బుక్ కట్టాను. ఎక్కడైనా మాట విరిగి అర్థం చెడితే అందులో రాయండి. మొదటి పేజీలో మొదటి మాట నేనే రాశాను: బెంగళూరు. పక్కనే, "ఎక్కడా విరవొద్దు" అని.

– ద్వితీయ సంవత్సరం బి.ఏ. విద్యార్థిని