ఏడుపాయల : ఎన్ని అక్షరాలు?

ఆంగ్లంలో అయిదక్షరాల మాట కావాలి. అందులో ఫలానా అక్షరం ఉండాలి, ఫలానాది ఉండరాదు. ఇటువంటి వెదుకులాట నేడు లోకమంతటా సాగుతున్నది. 2021 అక్టోబరులో జాష్ వార్డల్ ‘వర్డల్’ అనే ఆటను అందరి ముందుంచాడు. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ దానిని కొన్నది. ఆరు ప్రయత్నాలలో మాట పట్టుకోవాలి. అక్షరం తన చోటనే ఉంటే పచ్చరంగు, మాటలో మరొకచోట ఉంటే పసుపు, అసలు లేకుంటే బూడిదరంగు.

ఈ వినోదం మనకు కొత్త కాదు. అవధానంలో న్యస్తాక్షరి అంటే ఫలానా పాదంలో ఫలానా స్థానాన ఫలానా అక్షరం పడవలెనని పృచ్ఛకుడు కోరడం. నిషిద్ధాక్షరి అంటే అడుగడుగునా ఒక అక్షరాన్ని కాదనడం. ఒకటి పచ్చగడి, మరొకటి బూడిదగడి. పైగా అవధాని వెదికేది ఒక్క మాటను కాదు, ఛందస్సు చెడని పద్యాన్ని. తరువాత ఆరుద్ర గళ్ళ నుడికట్టు, శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక వచ్చాయి. ‘పొద్దు’ జాలపత్రికలో గడి నింపి నిద్ర చెడగొట్టుకున్నవారు మనలోనే ఉన్నారు.

అయితే ఆంగ్లపు ఆటను తెలుగులోకి తెచ్చేటప్పుడు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటున్నది. అక్షరమంటే ఏది?

మెదకు దగ్గర మంజీర ఏడు పాయలుగా చీలిన చోట వనదుర్గా భవాని కొలువై ఉన్నది. శివరాత్రి జాతరకు జనం తరలివచ్చే ఆ క్షేత్రం పేరు ఏడుపాయల. ఏ-డు-పా-య-ల : బడిలో పలక పట్టిన పిల్లవాడు వేళ్ళు మడిచి అయిదంటాడు. వ్యాకరణం చదివినవాడు ఏ, డ్, ఉ, ప్, ఆ, య్, అ, ల్, అ అని విడదీసి తొమ్మిది వర్ణాలంటాడు. ఆంగ్లలిపిలో రాసినా తొమ్మిదే. ఇక యూనికోడు కొమ్మును, దీర్ఘాన్ని విడిగా లెక్కించి ఏడంటుంది. పేరుకు తగ్గట్టు ఏడు పాయలు! మూడు లెక్కలూ తప్పు కాదు. కాని ఆటకు పనికివచ్చేది మొదటిదే.

యంత్రానికి ఈ భేదం తనంత తాను తెలియదు. అయిదు చుక్కలు పెట్టి అయిదక్షరాల మాటలు వెదకమంటే, చుక్కకొక సంకేతం చొప్పున లెక్కించే సాధనం ‘మెదక్’ను పట్టుకొని ‘ఏడుపాయల’ను వదిలేస్తుంది. మెదక్ మన కంటికి మూడు గళ్ళు. సంకేతాలలో మ, ఎత్వం, ద, క, పొల్లు కలిసి అయిదు. ‘స్త్రీ’ ఒక్క అక్షరమే అయినా ఆరు సంకేతాలు. ఇలా లెక్కించి గళ్ళు గీస్తే ఒక గడిలో ఒట్టి కొమ్ము, మరొక గడిలో అనాథగా పొల్లు మిగులుతాయి.

దీనికి మందు లేకపోలేదు. సంయుక్తాక్షరాన్ని నడుమ తుంచరాదన్న నియమం 2023లో యూనికోడు 15.1 సంచికలో చేరింది. తెలుగు కూడా ఆ నియమం కిందికి వస్తుంది. దానిని పాటించే సాధనాలలో ‘స్త్రీ’ ఒక్క గడిలో ఇముడుతుంది. చివరి పొల్లు ఛందస్సులో వెనుకటి అక్షరంతో కలిసిపోయినా, గళ్ళలో దానికొక గడి ఇవ్వడమే నాకు సమ్మతం.

మరొక చిక్కు. దాగిన మాటలో ‘పా’ ఉండగా నేను ‘ప’ వేస్తే, అది ఒప్పా, తప్పా? ఆంగ్లంలో ఈ ప్రశ్నే పుట్టదు. మనకు జవాబు ప్రాసలో ఉన్నది. పద్యపాదాలలో రెండవ అక్షరపు హల్లు ఒకటే కావాలి. దానిపై గుణింతం మారినా దోషం లేదు. కనుక హల్లు కుదిరి గుణింతం కుదరనప్పుడు దానికి వేరే రంగొకటి ఉండాలి. పసుపును అరువు తెచ్చుకుంటే చాలదు.

ఇదంతా ఆటకోసమేనా అనవచ్చు. ఊరి పేరును ఆంగ్లంలో తొమ్మిదక్షరాలుగా మాత్రమే రాయనేర్చిన పిల్లవానికి అందులో అయిదు అడుగులున్నాయని చెవికి తెలియదు. ఆ అడుగులు వినబడనివానికి గురువు, లఘువు, గణం అన్నీ గాలిమాటలే. పద్యాన్ని బట్టీ పెడతాడు గాని దాని నడక పట్టుకోలేడు. పరీక్ష బెదిరింపుతో ఎక్కని అక్షరజ్ఞానం ఆటలో తెలియకుండానే ఎక్కుతుంది, లెక్క సరిగా ఉంటే.

మన నిఘంటువులు తొలి అక్షరం తెలిసినవానికే తలుపు తీస్తాయి. మూడవ అక్షరం ‘పా’గా గల అయిదక్షరాల మాటలేవని అడిగితే వరుసగా పుటలు తిరగేయవలసిందే. కనుక యంత్రభాష తెలిసిన మిత్రులను నేను కోరేది ఇదే. ఆటకు రంగులద్దడానికి ముందు, నిఘంటు పదాలను అక్షరాల లెక్కన, స్థానాల వారీగా వేరుచేసిన పట్టిక ఒకటి సిద్ధం చేయండి. గడి కూర్చేవారికి, పద్యం కట్టేవారికి, పాఠం చెప్పేవారికి అదొక్కటే పనికివస్తుంది.