ఫైవ్ స్టార్ గది ‘ఫ్రీ’గా వచ్చిందా? ముందు లెక్క చూద్దాం

2025 జూన్ 30న ఒమాన్ ఎయిర్ వన్‌వరల్డ్ కూటమిలో చేరింది. సింద్‌బాద్ మైళ్లను ఇకపై ఖతార్ ఎయిర్‌వేస్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ లాంటి విమానాల్లోనూ వాడుకోవచ్చు. ఆ వార్త వచ్చాక మస్కట్‌లో నలుగురు తెలుగువాళ్లు కలిస్తే పాయింట్ల మాట రాకుండా ఉండటం లేదు. విమానం మైళ్లతో మొదలైన కబురు హోటళ్ల దాకా వెళ్తుంది. “అల్ బుస్తాన్‌లో రెండు రాత్రులు ఫ్రీగా ఉండొచ్చాం” అని ఒకరంటారు. “కార్డు గీకితే చాలు, పాయింట్లే పాయింట్లు” అని ఇంకొకరంటారు.

ఫ్రీ అనే మాట వినపడగానే నాకు చెయ్యి కాలిక్యులేటర్ మీదకు పోతుంది. డిగ్రీలో కెమిస్ట్రీ చదివినందుకు మిగిలిన అలవాటు అది. ఒక పక్క ఉన్నది ఇంకో పక్క ఎక్కడో ఒకచోట తేలాల్సిందే. మరి ఆ గదికి డబ్బు ఎవరు కట్టారు? మన కుటుంబాలకు ఇందులో నిజంగా మిగిలేదెంత? నెల జీతంలో ఇంటి అద్దె, ఇండియన్ స్కూల్ ఫీజులు, ఊరికి పంపే డబ్బు పోగా మిగిలే కొంచెంతో ఆడే ఆట ఇది. అందుకే వివరంగా చూడాలి.

ఈ పాయింట్లు ఎక్కడ పుట్టాయి?

1981 మేలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ప్రయాణికులకు మైళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 1983లో హాలిడే ఇన్, మారియట్ హోటళ్లు అదే దారి పట్టాయి. మొదట్లో ఇది పాత కస్టమర్‌ను నిలుపుకునే పద్ధతి మాత్రమే. తర్వాత బ్యాంకులు రంగంలోకి దిగాయి. ఇప్పుడు హోటల్ కంపెనీలు పాయింట్లను టోకున బ్యాంకులకు అమ్ముతాయి. బ్యాంకులు వాటిని కార్డుతో పాటు మనకిస్తాయి. మారియట్ సంస్థకు ఒక్క కో-బ్రాండెడ్ కార్డుల ఫీజుల మీదే 2024లో 60 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది.

బ్యాంకుకు ఆ డబ్బు రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి, మనం కార్డు వాడిన ప్రతిసారీ దుకాణదారుడి దగ్గర కోసుకునే చార్జి. రెండు, బిల్లు పూర్తిగా కట్టలేనివాళ్లు చెల్లించే వడ్డీ. దుకాణదారుడు ఆ చార్జిని సరుకు ధరలోనే కలుపుకుంటాడు. అంటే కార్డు ఉన్నవాళ్లూ, జేబులో నోట్లు మాత్రమే ఉన్న లేబర్ క్యాంపు తమ్ముడూ ఒకే ధరకు బియ్యం కొంటారు. పాయింట్లు మాత్రం ఒకరికే వస్తాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్ల వీడియోలు చూసి ఇక్కడ ఆశపడటం కూడా సరికాదు. అక్కడ దుకాణాల దగ్గర తీసుకునే చార్జీలు ఎక్కువ, అందుకే కొత్త కార్డు తీసుకోగానే వేల పాయింట్లు కుమ్మరిస్తారు. యూరోపియన్ యూనియన్ 2015లో క్రెడిట్ కార్డుల ఇంటర్‌చేంజ్ ఫీజును 0.3 శాతానికి కట్టడి చేసింది. అప్పటినుంచి అక్కడి కార్డుల్లో బహుమతులు పలచబడ్డాయి. గల్ఫ్‌లో మన చేతికొచ్చే కార్డులు అమెరికా స్థాయిలో ఇవ్వవు. కాబట్టి అక్కడివాళ్లు చెప్పే “ఏడాదికి మూడు ట్రిప్పులు ఫ్రీ” లెక్క ఇక్కడ కుదరదు.

ఒమాన్‌లో ఏ హోటల్ ఎవరిది?

పాయింట్లు పోగుచేసే ముందు మనం వెళ్లే చోట ఏ కంపెనీ హోటల్ ఉందో చూసుకోవాలి. చాలామంది దీన్ని ఆఖర్న చేస్తారు.

మస్కట్‌లో మారియట్ బాన్‌వాయ్ వాళ్లకు ఎక్కువ చోట్లున్నాయి. 1985లో గల్ఫ్ సహకార మండలి శిఖరాగ్ర సమావేశం కోసం కట్టిన అల్ బుస్తాన్ ప్యాలెస్ ఇప్పుడు రిట్జ్-కార్ల్‌టన్. డబ్ల్యూ మస్కట్, జేడబ్ల్యూ మారియట్, రువిలోని షెరటాన్, అల్ మౌజ్‌లోని సెయింట్ రీజిస్ కూడా ఇదే గొడుగు కింద ఉన్నాయి. గ్రాండ్ హయత్‌తో పాటు జబల్ అఖ్దర్‌లోని అలీలా, మిర్బాత్ దగ్గరి అలీలా హిను బే వరల్డ్ ఆఫ్ హయత్ కిందకు వస్తాయి. జబల్ అఖ్దర్‌లోని అనంతరా, సలాలాలోని అల్ బలీద్ అనంతరా జీహెచ్‌ఏ డిస్కవరీలో భాగం. బర్ అల్ జిస్సాలోని షాంగ్రి-లాకు సొంత పథకం ఉంది. ముసందంలోని సిక్స్ సెన్సెస్ జిగీ బేను నడిపే సంస్థను 2019లో ఐహెచ్‌జీ కొనేసింది.

వీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి, పాయింటు విలువ స్థిరంగా ఉండేవి. జీహెచ్‌ఏలో ఒక డిస్కవరీ డాలర్ అంటే ఒక అమెరికన్ డాలర్ తగ్గింపు. అకార్‌లో 2,000 పాయింట్లకు 40 యూరోలు తగ్గుతాయి, వైజాగ్ బీచ్ రోడ్డు మీది నోవోటెల్‌కూ అదే లెక్క. తాజ్ హోటళ్లలో ఒక న్యూకాయిన్‌కు ఒక రూపాయి. వీటిలో మాయ లేదు, మహా లాభమూ లేదు. రెండో రకం మారియట్, హిల్టన్, ఐహెచ్‌జీ, హయత్. వీటిలో పాయింటు విలువ గదిని బట్టి, తేదీని బట్టి మారుతుంది. లాభమైనా నష్టమైనా వచ్చేది ఇక్కడే.

ఒక్క భాగహారం చాలు

పాయింట్లతో బుక్ చేసే ముందు చేయాల్సిన లెక్క ఇది. అదే గదికి, అదే తేదీకి పన్నులతో సహా డబ్బు ధర ఎంతో చూడండి. దాన్ని అడుగుతున్న పాయింట్లతో భాగించండి. ఒక్కో పాయింటుకు ఎంత వస్తోందో తెలుస్తుంది.

ఉదాహరణకు ఒక గదికి అన్నీ కలిపి 95 రియాళ్లు అనుకుందాం. ఒక రియాలుకు 2.6 డాలర్లు కాబట్టి అది 247 డాలర్లు. అదే గదికి 30,000 పాయింట్లు అడిగితే ఒక్కో పాయింటు విలువ 0.82 సెంటు. ఇది మారియట్ పాయింటుకు ఫర్వాలేదనిపించే ధర. అదే గదికి 60,000 అడిగితే విలువ సగానికి పడిపోతుంది. అప్పుడు డబ్బు కట్టి పాయింట్లు దాచుకోవడమే మేలు.

మారియట్ పాయింట్లు కొనాలంటే మామూలు ధర వెయ్యికి 12.50 డాలర్లు. పై ఉదాహరణలో 30,000 పాయింట్లు కొంటే 375 డాలర్లు, అంటే 144 రియాళ్లు. 95 రియాళ్ల గదికి 144 కట్టినట్టు! భారీ డిస్కౌంట్ ఉన్నప్పుడు, ఫలానా తేదీకి ఫలానా గదికి లెక్క సరిపోతేనే కొనాలి. ఎప్పటికైనా పనికొస్తాయని కొని పెట్టుకోవడం మాత్రం కూడదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పక్కన పెట్టి పోల్చాల్సింది వెబ్‌సైట్‌లో కనిపించే పెద్ద ధరతో కాదు. ఎండాకాలంలో మస్కట్ హోటళ్లు ఒమాన్ రెసిడెంట్లకు వేరే రేటు ఇస్తుంటాయి. పోల్చాల్సింది మనం నిజంగా కట్టబోయే ఆ రేటుతో. “150 రియాళ్ల గది ఫ్రీగా దొరికింది” అనుకునేది చాలాసార్లు రెసిడెంట్ కార్డు చూపిస్తే 70కే వచ్చే గది అయి ఉంటుంది.

మరి పాయింట్లు ఎప్పుడు వాడాలి? ధర మండిపోయే రోజుల్లో వాడాలి. జూన్ 21 నుంచి సెప్టెంబర్ 21 దాకా సలాలాలో ఖరీఫ్. ఈద్ సెలవులు ఉంటాయి. నవంబర్ 20, 21 తేదీల జాతీయ దినోత్సవ సెలవులు శుక్ర, శనివారాలతో కలిసి వస్తే సరేసరి. అలాంటి రోజుల్లో డబ్బు ధర రెట్టింపైనా కొన్ని హోటళ్లలో పాయింట్ల ధర అంతగా పెరగదు. కానీ ఆ గదులు కొన్నే ఉంటాయి, నెలల ముందే చూసుకోవాలి. మారియట్‌లో వరుసగా ఐదు రాత్రులు పాయింట్లతో తీసుకుంటే నాలుగింటికే పాయింట్లు తీసుకుంటారు. హిల్టన్‌లో సిల్వర్, ఆపై స్థాయి సభ్యులకు ఇలాంటి సదుపాయమే ఉంది.

గది ఫ్రీ, మిగతావి?

హోటల్ బిల్లులో గది అద్దె మీద సర్వీస్ చార్జి, మున్సిపాలిటీ, టూరిజం పన్నులు, 2021 ఏప్రిల్ నుంచి 5 శాతం వ్యాట్ పడుతున్నాయి. పాయింట్లతో తీసుకున్న గదికి సాధారణంగా ఇవి ఉండవు, అది నిజమైన లాభమే. కానీ పాయింట్ల గదితో బ్రేక్‌ఫాస్ట్ రాదు, పై స్థాయి సభ్యత్వం ఉంటే తప్ప. ఇద్దరు పిల్లలున్న ఇంటికి రెండు రోజుల బ్రేక్‌ఫాస్ట్, లంచ్, డిన్నర్ కలిపితే గది ధరను దాటిపోవచ్చు. జబల్ అఖ్దర్ లాంటి చోట ఇది మరీ ఎక్కువ. బిర్కత్ అల్ మౌజ్ దగ్గర చెక్‌పోస్టులో ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంటేనే పైకి పోనిస్తారు. రెండు వేల మీటర్ల ఎత్తుకు చేరాక తిండి కోసం మాటిమాటికి కిందికి దిగలేం. కారు అద్దె, భోజనం, అదనపు బెడ్ ముందే అడిగి కాగితం మీద రాసుకోండి. అప్పుడు ఆ ‘ఫ్రీ’ ఎంతో తెలుస్తుంది.

పాయింటు కోసం ఖర్చు, ఖర్చు కోసం అప్పు

ఈ ఆటలో గెలవాలంటే ఒక్కటే షరతు. కార్డు బిల్లు ప్రతి నెలా పూర్తిగా కట్టాలి. ఇండియా కార్డుల్లో బాకీ మీద నెలకు 3.5 శాతానికి పైగా వడ్డీ మామూలే. పాయింట్ల వల్ల వచ్చేది ఖర్చులో మహా అయితే ఒకటో రెండో శాతం. ఒక్క నెల బాకీ పెడితే రెండు మూడు నెలల పాయింట్లు వడ్డీకే పోతాయి. మన పెద్దవాళ్లు అప్పు చేసి పప్పు కూడు అన్నది దీన్నే. ఇప్పుడు పప్పు కూడు బదులు బఫే, అంతే తేడా.

విదేశీ కరెన్సీ చార్జి కూడా చూసుకోండి. ఇండియా కార్డును ఇక్కడ గీకితే చాలా కార్డుల మీద 3.5 శాతం దాకా మార్కప్, దానిమీద జీఎస్టీ పడతాయి. ఒక శాతం పాయింట్ల కోసం నాలుగు శాతం వదులుకోవడం ఎందుకు? వార్షిక ఫీజునూ ఖర్చుగానే లెక్కేయాలి.

దాచుకుంటే పెరగవు

బ్యాంకులో డబ్బు దాస్తే వడ్డీ వస్తుంది. పాయింట్లు దాస్తే కరుగుతాయి. మారియట్ 2022లో తన పాయింట్ల ధరల చార్టునే ఎత్తేసింది, అప్పటినుంచి గది ధర ఏ రోజుకారోజు మారుతుంది. హిల్టన్, ఐహెచ్‌జీ కూడా అదే బాట. మారియట్, హిల్టన్, హయత్‌లలో రెండేళ్లు ఖాతాలో ఏ కదలికా లేకపోతే పాయింట్లు మాయమవుతాయి. ఐహెచ్‌జీలో మామూలు సభ్యులకు గడువు ఏడాదే. పైగా పాయింట్లు సభ్యుడి ఆస్తి కాదని నిబంధనల్లోనే రాసుకుంటారు. పిల్ల పెళ్లికి బంగారం దాచినట్టు వీటిని దాచకూడదు. వచ్చే ఏడాదిలో వాడే ట్రిప్పు అనుకునే పోగుచేయాలి.

ఎవరి పేరు మీద ఉన్నాయి?

నాలాంటి గృహిణులకు ఇది ముఖ్యమైన మాట. ఫ్యామిలీ వీసా మీద వచ్చిన మనకు జీతం లేదు కాబట్టి సొంత క్రెడిట్ కార్డు దొరకడం కష్టం. భర్త కార్డుకు అనుబంధంగా ఇచ్చే కార్డే మనది. దాంతో కూరగాయల నుంచి స్కూల్ ఫీజు దాకా మనమే కట్టినా, పాయింట్లు ఆయన ఖాతాలో పడతాయి. పాస్‌వర్డ్ ఏమిటో కూడా చాలా ఇళ్లలో ఆడవాళ్లకు తెలియదు.

హోటల్ సభ్యత్వానికి మాత్రం జీతం అక్కర్లేదు, ఫీజూ లేదు. మీ పేరుతో, మీ ఈమెయిల్‌తో ఒక ఖాతా తెరవండి. హిల్టన్‌లో మరో పది మందితో దాకా పాయింట్లు ఒకచోట కలుపుకోవచ్చు. మారియట్‌లో ఏడాదికి లక్ష పాయింట్ల దాకా ఇంకొకరికి బదిలీ చేయొచ్చు. ఇంటి బడ్జెట్ నడిపే మనిషికి ఇంటి పాయింట్లు కనపడాలి కదా!

ఇంకో సంగతి గల్ఫ్‌లో ఉన్న ప్రతి కుటుంబానికీ వర్తిస్తుంది. ఒమనైజేషన్ వల్లో, కంపెనీ కాంట్రాక్టు అయిపోయో, ఒక్క నెల నోటీసుతో సామాను సర్దుకోవాల్సి రావచ్చు. ఫైనల్ సెటిల్‌మెంట్ అయ్యి, రెసిడెంట్ కార్డు క్యాన్సిల్ అయ్యి, బ్యాంకు ఖాతా మూసేస్తే, బ్యాంకు రివార్డ్ పాయింట్లు కూడా పోయినట్టే. ఎయిర్‌లైన్, హోటల్ ఖాతాల్లో ఉన్నవి మాత్రం దేశం మారినా మన వెంటే వస్తాయి. కాబట్టి నోటీసు చేతికొచ్చిన రోజే బ్యాంకు పాయింట్లను, వీలున్న చోట, మైళ్లుగానో హోటల్ పాయింట్లుగానో మార్చేయండి. ఖాతా మూసే ముందు చేయాల్సిన పనుల జాబితాలో కరెంటు బిల్లు పక్కన దీన్నీ రాసుకోండి.

చివరికి తేలేదేమిటి?

ఎలాగూ చేసే ఖర్చు మీద వచ్చే పాయింట్లను, బిల్లు పూర్తిగా కడుతూ, ధర మండే రోజుల్లో, ముందే అనుకున్న ట్రిప్పుకు వాడితే ఏడాదికి రెండు మూడు రాత్రుల గది అద్దె మిగులుతుంది. జీతం బ్యాంకులో పడే మధ్యతరగతి ఇంటికి అది మంచి మిగులే, వద్దనను. దానికి మించి ఆశ చూపించేవాళ్లు కార్డో, పాయింట్లో, కోర్సో అమ్ముతుంటారు.

ఈ హోటళ్లలో పరుపులు సర్దేవాళ్లలో, వంటగదుల్లో గిన్నెలు తోమేవాళ్లలో మనవాళ్లూ ఉంటారు. మన గది అద్దె పాయింట్లలో చెల్లిపోయినా వాళ్ల కష్టానికి పాయింట్లు లేవు. అందుకే ట్రిప్పు బడ్జెట్‌లో కారు అద్దె, భోజనం కింద ఇంకో గీత గీసి, మిగిలిన అద్దెలోంచి నాలుగైదు రియాళ్లు గది శుభ్రం చేసే మనిషికని ముందే రాసిపెట్టుకోండి.