తలుపుదా, ద్వారబంధముదా దోషము?

మన పాఠ్యపుస్తకములలోని గుండె పటమునందు కవాటములు ఎల్లప్పుడును చక్కగా మూసికొనియే యుండును. పరీక్షకై యా పటమును గీయు విద్యార్థులకు, ఆ తలుపులు సరిగా మూతపడనిచో నేమగునను ప్రశ్న తోచుట యరుదు. అయినను, ఆయాసముచే పడుకొనలేక రాత్రియెల్ల దిండ్లకు చేరగిలబడి కూర్చుండు పెద్దలు మన యిండ్లలోనే కలరు. వారి నిమిత్తమై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గుండె యెడమవైపున పై గదికిని క్రింది గదికిని నడుమ రెండు రెక్కల కవాటమొకటి కలదు. 16వ శతాబ్దమున వెసాలియసు అను శరీరశాస్త్రజ్ఞుడు దీనిని బిషప్పులు ధరించు మైటరు అను శిరోభూషణముతో పోల్చెను. మైట్రల్ కవాటమను పేరు దానినుండి వచ్చినదే. ఇది దినమునకు సుమారు లక్ష మారులు తెరచుకొని మూసికొనుచుండును. క్రింది గది ముడుచుకొనునపుడు రక్తము ముందునకు పోవలెనే గాని వెనుకకు మరలరాదు. మరలెనా, ఊపిరితిత్తులలో ఒత్తిడి పెరిగి ఆయాసము పుట్టును.

"కవాటము కారుచున్నది" అని వైద్యుడు చెప్పినంతనే కవాటమే చెడినదని మనము తలంతుము. గొంతునొప్పి ననుసరించి పిల్లలకు వచ్చు కీళ్ళవాత జ్వరమున రెక్కలే చెడుననుట నిజమే. కాని గుండె బలహీనపడినవారిలో తరచుగా రెక్కల దోషమేమియు నుండదు. పాతయింటి గోడ యుబ్బి ద్వారబంధము ఎడమైనచో, మేలైన టేకు తలుపైనను మూతపడునా? అట్లే గుండెపోటుచేతనో మరియే కారణముచేతనో కండరము సడలి గది సాగినపుడు, కవాటపు చుట్టు వెడల్పగును; రెక్కలను పట్టియుంచు నరములవంటి త్రాళ్ళు వానిని క్రిందికి లాగును. గది సాగుటచే రక్తము కారును; కారుటచే గది మరింత సాగును.

కావున ముందుగా చూడవలసినది గోడను. నేడు నాలుగు తరగతుల మందులు కలవు. వానిని రోగి తాళగల మేరకు క్రమముగా పెంచినచో, కొందరిలో గది కుదించుకొని కారుటయు తగ్గును.

అప్పటికిని తగ్గనివారికి, తొడయందలి సిరగుండా సన్నని గొట్టమును పంపి, రెండు రెక్కలను నడుమ కలిపి పట్టు క్లిప్పును అమర్చుదురు. మనుష్యులలో దీనిని మొదట 2003లో అమర్చిరి. 2018లో దీనిపై రెండు పరిశోధనలు వెలువడి విరుద్ధముగా పలికినవి. ఫ్రాన్సులో 304 మందిని పరీక్షింపగా, ఏడాదికి భేదమేమియు కానరాలేదు. అమెరికా, కెనడాలలో 614 మందిని పరీక్షింపగా, రెండేండ్లలో మందులు మాత్రమే వాడినవారిలో నూటికి 46 మందియు, క్లిప్పు కూడ పొందినవారిలో 29 మందియు మరణించిరి. కారణమును గూర్చి పండితులు వాదించుకొనుచునే యున్నారు. నాకు ముఖ్యముగా తోచునది యిది: రెండవదానిలో మందులను తాళగల మేరకు పెంచిన పిదపను కారుట తగ్గనివారినే చేర్చుకొనిరి, ఫ్రాన్సువారి రోగులలో గది మరింత సాగియుండెను, కారుట కొంత తక్కువ.

క్లిప్పును నిందించుట నా యుద్దేశము కాదు. దానికి మనదేశమున లక్షల రూపాయలు కావలెను. పొలమమ్మి దానిని వేయించుటకు సిద్ధపడు కుటుంబమే, కాళ్ళవాపు తీసినదని రోజువారీ మాత్రలను మానిపించుట నేనెరుగుదును. ఇది నాకు మిక్కిలి దుఃఖకరముగ నున్నది. తాతగారి మందుల చీటిని చదువగల బాలబాలికలు మన పై తరగతులలో ననేకులు కలరు. ఈ సెలవులలో దానిని చేతబట్టి, వారితోకూడ వైద్యునియొద్దకు పోయి, "అయ్యా, ఈ మందులు పూర్తి మోతాదునకు వచ్చినవా?" అని యడుగుడు.