గిటారు మన యింటికి రావచ్చునా?



“మా అమ్మాయి వీణ వలదనుచున్నది, గిటారు కావలెనట. మా అత్తగారేమో, అది మన వాద్యము కాదు, వట్టి కరెంటు రొద యనుచున్నారు. నడుమ నేనేమి చేయుదును?” అను మాట పెద్దపట్టణములందే కాదు, మన పాకాల వంటి యూళ్ళలోని గృహములందును నేడు వినవచ్చుచున్నది. బాలికలు సెల్‌ఫోనులలో రాక్ సంగీతమును వినుచున్నారు. అందు గాయకుడు పాట నాపి యూరకుండగా గిటారొక్కటియే కొంతసేపు ముందునకు వచ్చి వాయించు ఘట్టమును ‘సోలో’ యందురు. పిల్లల మనస్సును దోచుచున్నది ఆ ఘట్టమే. కావున ఈ మాసము దానిని గురించియే ముచ్చటింతము.

మొదట అత్తగారి మాటను విచారింతము. అది మన వాద్యము కాదన్నచో, నేడు ప్రతి కచేరీలోను గాయకుని ప్రక్కన కూర్చుండు ఫిడేలు ఎక్కడిది? అదియు ఐరోపానుండి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులవారు దానిని నేర్చి మన సంగీతమునకు అలవరచిరి. పిమ్మట చిరకాలము అది గాత్రమునకు తోడుగానే యుండెను. మన ద్వారం వేంకటస్వామి నాయుడుగారు దానిని ఒంటరిగా వేదిక మీద నిలిపి, 1938లో వేలూరులో తమ తొలి సోలో కచేరీ చేసిరని చెప్పుదురు. పాకాలలో రైలెక్కి కాట్పాడిలో దిగినచో ఆ వేలూరు ప్రక్కనే యున్నది. కావున ‘సోలో’ యనునది మనకు క్రొత్తది కాదు. పేరు మాత్రమే క్రొత్తది.

ఇక కరెంటు మాట. గిటారునకు మిక్కిలి దగ్గరి చుట్టమైన మాండొలినును మన తెలుగుబాలు డొకడు కర్ణాటక సంగీతములోనికి తెచ్చిన వృత్తాంతము దీనికి చక్కని సమాధానము. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో జన్మించెను. తండ్రి సత్యనారాయణగారి మాండొలినును ఆరవయేటనే చేపట్టెను. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు, చెంబై వైద్యనాథ భాగవతార్ గారి శిష్యులు. వారికి మాండొలిను వాయించుట రాదు. వారు పాడుచుండగా బాలుడు ఆ పాటను తంత్రులపై పలికించెడివాడు. సోదరీమణులు ఈ యొక్క విషయమును గుర్తుంచుకొనవలయునని కోరెదను. దీనితో మనకు ముందు పనియున్నది.

మాండొలినునకు ఎనిమిది తంత్రులు, రెండేసి చొప్పున నాలుగు జతలు. మన రాగమునకు ప్రాణము గమకము. వీణపై మెట్టుమీద తంత్రిని ప్రక్కకు లాగినచో స్వరము జారుచు, ఊగుచు, గొంతువలె పలుకును. జంటతంత్రులను అట్లు సమముగా లాగుట కష్టము. అదియుగాక మాండొలిను నాదము మీటిన వెంటనే సన్నగిల్లిపోవును. శ్రీనివాస్ జతలను తీసి అయిదు ఒంటి తంత్రులను బిగించి, విద్యుత్ మాండొలినును చేపట్టెను. ఇచట విద్యుత్తు రొద కొరకు గాదు. మీటిన స్వరము ఆరిపోకుండ నిలిచి, గమకము ముగియువరకు వినబడుటకే. కత్తి కూర తరుగుటకును పనికివచ్చును, చేయి కోయుటకును పనికివచ్చును. తప్పు కత్తిది గాదు గదా!

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవమున అతని తొలి కచేరి జరిగెను. 1983లో, పదునాలుగేండ్ల ప్రాయమున, బెర్లిన్ నగరములోని జాజ్ ఉత్సవమున వాయించి పాశ్చాత్యులను ముగ్ధులను గావించెను. 1998లో పద్మశ్రీ వచ్చెను. 2014 సెప్టెంబరు 19న, నలుబదియైదేండ్లకే, చెన్నపురిలో అస్తమించెను. అతని వాద్యము మాత్రము రికార్డులలో నిలిచియున్నది.

ఆశ్చర్యమేమనగా, ఇదే దారిలో అటునుండి ఇటు నడచివచ్చిన గిటారు విద్వాంసు డొకడున్నాడు. ఇంగ్లండు దేశీయుడైన జాన్ మెక్‌లాఫ్లిన్ 1971లో ‘మహావిష్ణు ఆర్కెస్ట్రా’ను స్థాపించి, రాక్, జాజ్ సంగీతములను కలిపి, మెరుపువేగపు సోలోలతో లోకప్రసిద్ధుడయ్యెను. అంతటివాడును అమెరికాలో డాక్టరు ఎస్. రామనాథన్ గారివద్ద శిష్యుడై వీణ నభ్యసించెను. పిదప ‘శక్తి’ యను బృందములో వాయించుటకై, మెట్ల నడుమ చెక్కను గుంటలుగా తొలిపించిన ప్రత్యేకమైన గిటారును చేయించుకొనెను. ఎందులకనగా, వీణమీదవలె తంత్రిని లాగుటకే! తరువాతి కాలమున ‘రిమెంబర్ శక్తి’ బృందములో అతడును మన శ్రీనివాసును ప్రక్కప్రక్కన కూర్చుండి వాయించిరి. 2000లో వెలువడిన ‘ది బిలీవర్’ అను రికార్డులో వీరిరువురిని వినవచ్చును.

దీనినిబట్టి ఉత్తమమైన సోలోను గుర్తించుట యెట్లో తెలియుచున్నది. క్షణమునకెన్ని స్వరములు దొర్లెనను లెక్క పెట్టవలదు. చేయి నిదానించినచోట వినవలయును. ఒక్క స్వరమును లాగి నిలిపినపుడు అది గొంతువలె పలికెనా, లేదా యని చూడవలయును. శ్రీనివాస్ రాగాలాపనమును మొదట వినుడు. పిదప కల్పనస్వరముల వేగము వినుడు. ఆలాపనములో నిదానముగా చూపిన రాగస్వరూపము ఆ వేగములోను చెదరకుండుటయే అతని గొప్పతనము. ఇదే చెవితో మీ అమ్మాయి మెచ్చు రాక్ విద్వాంసుని సోలోను ఆమెతో కూర్చుండి ఒకమారు వినుడు. మేలైనవానిలో మీకును ఆ లాగు వినబడును. అపుడు తల్లీకూతుళ్ళకు మాటాడుకొనుటకు ఒక విషయము దొరకును.

“ఆడపిల్లకు గిటారేమి?” అనువారును కలరు. రాక్ సంగీతమునకు ఆ పేరింకను స్థిరపడకమునుపే, అమెరికాలో సిస్టర్ రొసెట్టా థార్ప్ అను నల్లజాతి స్త్రీ 1938 మొదలు రికార్డులిచ్చి, భక్తిగీతములు పాడుచు, విద్యుత్ గిటారుపై సోలోలు వాయించెను. తరువాతి పురుషులు పలువురు ఆమెను విని నేర్చినవారే. ఆమె 1973లో గతించెను. రాక్ సంగీతప్రముఖుల గౌరవపట్టికలో ఆమె పేరు చేర్చుట 2018లో గాని జరుగలేదు. స్త్రీ చేసిన పనికి గుర్తింపు ఎంత ఆలస్యముగా వచ్చునో చూచితిరా!

ఇక చేయవలసిన పని. గిటారు నేర్పువారు ఊరిలో లేరని నిరాశ పడనక్కరలేదు. మాండొలిను రాని గురువు పాటవలననే శ్రీనివాస్ తయారయ్యెను గదా! ఊరిలో గాత్రము చెప్పువారున్నచో పిల్లను వారివద్దకు పంపుడు. ఉన్నతవిద్యకు తిరుపతిలో దేవస్థానమువారి సంగీత నృత్య కళాశాల ఉండనే యున్నది. పిల్ల సరళివరుసలను మొదట పాడి, పిదప వానినే తంత్రులపై వెదకవలయును. మొదట కరెంటు అక్కరలేని మామూలు గిటారు చాలును. నైలాను తంత్రులైనచో లేతవ్రేళ్ళకు నొప్పి తక్కువ. ప్రతిదినము అరగంట తప్పక సాధన చేయించుడు. ఆ అరగంటలో ఆమెకు వేరొక యింటిపని చెప్పకుడు.

అత్తగారిని కాదని చేయవలదు. ఒక సాయంకాలము దీపము పెట్టిన పిదప శ్రీనివాస్ వాయించిన త్యాగరాజ కృతి నొకదానిని ఆమెకు వినిపింపుడు. అది ఏ దేశపు వాద్యమో ముందుగా చెప్పకుడు. విన్న పిమ్మట, మనుమరాలి కోరికను మరల ఆమె యెదుట పెట్టుడు.