జపాను వారకాంతా చిత్రములు : వ్యక్తినిర్ణయ విచారము

క్రీ.శ. 18వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఎదో నగరమున (నేటి టోక్యో) ముద్రితములైన దారుఫలక చిత్రములలో యోషివారా యను వేశ్యావాటికలోని ప్రసిద్ధ కాంతల చిత్రములు అనేకములు కలవు. కాంత పేరును, ఆమె యుండు గృహము పేరును చిత్రముననే చెక్కబడియుండుటచే ఇవి ఆయా వ్యక్తుల ప్రతికృతులని తలచుట సహజము. ఈ తలంపు విచారింపదగినది.

మొదటిది ముఖము. కితగావ ఉతమారో (మరణము 1806) వంటి మహాచిత్రకారుని కృతులలో సైతము దీర్ఘమైన ముఖము, సన్నని కన్నులు, చిన్ని నోరు ఇంచుమించు ఒక్కతీరుననే కన్పట్టును. కొన్నింట స్వల్పభేదములు లేకపోలేదు గాని పేరు చదువనిదే ఈమె ఫలానా యని నిశ్చయించుట దుష్కరము. ఆలంకారికుల సామాన్యనాయిక వలె ఆ ముఖము వర్గమును తెలుపును, వ్యక్తిని తెలుపదు.

రెండవది వస్త్రము. 1776 ప్రాంతమున కోర్యూసాయి ఆరంభించిన చిత్రమాలలో చిత్రములు నూటికి పైబడినవి. నూతన సంవత్సరపు వస్త్రముల మాదిరులను చూపుటయే ఆ మాల పేరు చెప్పు ప్రయోజనము.

మూడవది పేరు. ఓగియా గృహమున 'హనఓగి' యను పేరు ఒక కాంత తరువాత వేఱొక కాంతకు సంక్రమించుచు వచ్చెను. పేరు గృహము సొత్తు. దానిని ధరించినామె ఋణబద్ధ. 1793లో ప్రభుత్వము ఇతర స్త్రీల పేర్లను చిత్రములపై ముద్రింపరాదని శాసించియు వారకాంతల పేర్లను నిషేధింపలేదు. ఇది వారికి చూపిన గౌరవమనుట పొసగదు. వారి పేరు విక్రయవస్తువని అంగీకరించుటయే.

మఱి వ్యక్తి యెచట? 1784లో త్సుతయా జూజబురో ప్రచురించిన చిత్రగ్రంథమున కితావో మసనోబు వారకాంతల రూపములకు తోడు వారి స్వహస్తలిఖితములను చేర్చెను. స్వహస్తలిపి యను విషయమును గ్రంథనామమే చాటుచున్నది. వ్రాతపత్రమును ఫలకమునకు అతికించి చెక్కుటచే మూలపత్రము నశించును. అక్షరాకృతి మాత్రము నిలుచును.

ఆ లిపియు గృహము ఆకర్షణను పెంచుటకే కదా యను ఆక్షేపము కలదు. అది సత్యమే. ఐనను ముఖము చిత్రకారునిది, వస్త్రము వర్తకునిది, పేరు గృహస్వామిది కాగా, లిపి యొక్కటియే ఆమె చేతి అభ్యాసమువలన కలిగినది. కావున ఈ చిత్రములను పరిశోధించువారు రేఖాసౌందర్యముతో తృప్తినొందక, లిపి యున్నచోట దానిని చదువవలెను. పేరున్నచోట ఆ పేరు గలవారిలో ఈమె ఎన్నవదియో నిర్ణయింప యత్నింపవలెను. ఆ యత్నము లేక వ్రాయబడిన చిత్రచరిత్ర చిత్రకారుల చరిత్ర మాత్రమే యగును.