వనసీమలకు కుటుంబయాత్ర

ఆఫ్రికా అనే మాట చెవిని పడగానే మనలో చాలమందికి ఒకే దృశ్యం కళ్ళకు కడుతుంది. ఎండిన గడ్డిమైదానం, గొడుగు పట్టినట్లున్న ఒక చెట్టు, దాని నీడలో ఒక సింహం. ఖండమంతా ఒకే అడవి అయినట్లు, అక్కడ దేశాలూ ఋతువులూ చరిత్రా లేనట్లు మాట్లాడుకోవడం మనకు అలవాటై పోయింది. ఈ అలవాటు కాలక్షేపపు కబుర్లకు పరిమితమై ఉన్నంతవరకు ఎవరికీ నష్టం లేదు. కాని ఒక మధ్యతరగతి కుటుంబం ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ముతో, పిల్లలను వెంటబెట్టుకొని, వయసు మళ్ళిన తల్లిని చేయిపట్టి నడిపించుకొంటూ ఆ సీమలకు బయలుదేర దలచినప్పుడు ఈ అజ్ఞానం మిక్కిలి ఖరీదైనదిగా పరిణమిస్తుంది.

వచ్చే వేసవి సెలవులకు మేము అట్టి యాత్ర ఒకటి సంకల్పించుకున్నాం. ఒక యాత్రా సంస్థ వారు మాకు పంపిన పథకంలో పన్నెండు దినాలు, మూడు దేశాలు, నాలుగు అభయారణ్యాలు, ఒక జలపాతం ఉన్నాయి. దాదాపు ప్రతి రాత్రి ఒక కొత్త మంచం. ‘బిగ్ ఫైవ్’ను, అనగా ఐదు మహామృగాలను, తప్పక చూపిస్తామని హామీ కూడా ఇచ్చారు. ఆ పథకాన్ని మేము తిరస్కరించాం. ఖర్చు ఒక్కటే అందుకు కారణం కాదు. ఇట్టి పథకాలు యాత్ర అనే మాటకే ద్రోహం చేస్తున్నవని మా నిశ్చితాభిప్రాయం. రేపు ఉద్యోగాలలో స్థిరపడి, తల్లిదండ్రులను వెంటబెట్టుకొని దేశాంతరాలు చూడబోయే మన విద్యార్థులకు ఈ ఆలోచనలు కొంతైనా ఉపకరించవచ్చు.

ముందుగా ఆ ‘బిగ్ ఫైవ్’ సంగతి. సింహం, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న ఈ ఐదింటినీ ఒక జాబితాగా కూర్చినవాడు ప్రకృతి ప్రేమికుడు కాడు, వేటగాడు. కాలినడకన వేటాడడానికి మిక్కిలి ప్రమాదకరమైన జంతువులని వాటికి ఆ పేరు పెట్టారు. తుపాకి పోయి కెమెరా వచ్చింది కాని లెక్క మాత్రం వేటగాని లెక్కే. ఈ లెక్క నేర్చిన పిల్లవాడు జిరాఫీని చూచి, ఇది ఐదింటిలోనిది కాదు, ముందుకు పోనిమ్మంటాడు. తన దేహంకన్న ఎన్నో రెట్లు బరువైన పేడఉండను వెనుకకాళ్ళతో దొర్లించుకొనిపోయే పేడపురుగును, కొమ్మకు గూడు అల్లుతున్న గిజిగాడిని చూడనే చూడడు. పసివానికి లెక్కలు నేర్పడానికి బడి ఉన్నది, దానికోసం సముద్రం దాటనక్కర లేదు.

ఇక దూరాల సంగతి. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ వనం వైశాల్యం సుమారు 19,500 చదరపు కిలోమీటర్లు. ఇది మన తెలంగాణ రాష్ట్రంలో ఆరవ వంతుకు పైగా ఉంటుంది. ఉత్తర దక్షిణాలుగా దాదాపు 360 కిలోమీటర్ల పొడవు. 1898లో ప్రకటించిన సాబీ అభయారణ్యం నుండి పెరిగి 1926లో జాతీయ వనమైంది. మరుసటి యేడే మోటారు బండ్లను లోనికి అనుమతించారు. నాటినుండి నేటివరకు సామాన్య కుటుంబం తన బండిలో తానే తిరిగి చూడగలగడం ఈ వనం విశిష్టత. తారురోడ్డుపై గంటకు 50 కిలోమీటర్లు, మట్టిరోడ్డుపై 40 కిలోమీటర్లకు మించి నడపరాదు. దిగడానికి అనుమతించిన చోట్ల తప్ప మరెక్కడా బండి దిగరాదు. లోయర్ సాబీ శిబిరం నుండి సతారా శిబిరానికి తొంభై చిల్లర కిలోమీటర్లే. హైదరాబాదు నుండి అంత దూరం మనం రెండు గంటలలో పోతాం. అక్కడ ఒక ఏనుగుల మంద దారికి అడ్డం నిలిచిందా, అవి కదిలేదాకా మనమూ కదలం. ఆ పూట అంతా ఆ తొంభై కిలోమీటర్లకే సరి. పటం మీద స్కేలుబద్ద పెట్టి కొలిచేవారికి ఈ సంగతి తట్టదు.

మే నెల నుండి జూలై వరకు శిబిరాల ద్వారాలు ఉదయం ఆరు గంటలకు తెరుస్తారు, సాయంకాలం ఐదున్నరకు మూస్తారు. ఆలస్యమైతే జరిమానా తప్పదు. మగ్రిబ్ నమాజుకు వేళ మించకుండా బస చేరడం అలవాటైన ఇంటివారికి ఇది పెద్ద ఇబ్బంది కాదని మా తల్లిగారు నవ్వుతూ అన్నారు.

ఋతువు విషయంలో మాత్రం మనకు అదృష్టం కలిసివచ్చింది. మన పిల్లల ఎండాకాలపు సెలవులు అక్కడి చలికాలపు ప్రారంభానికి సరిపోతాయి. క్రూగర్ ప్రాంతంలో వానలు అక్టోబరు నుండి మార్చి వరకు. మే వచ్చేసరికి గడ్డి వాలిపోయి, చిన్న గుంటలు ఎండిపోయి, జంతువులు నదుల వద్దకు, శాశ్వతమైన నీటిపట్లకు చేరడం మొదలుపెడతాయి. దోమలు తగ్గుముఖం పడతాయి. క్రూగర్ మలేరియా ప్రాంతమే కనుక మేలో కూడ వైద్యుని సలహా లేకుండ బయలుదేరడం తెలివితక్కువ. పిల్లలకు మందు మోతాదు వారి బరువును బట్టి ఉంటుంది. అంతకన్న భయపడేవారికి మలేరియా లేని అడాయ్, మాడిక్వే, పిలానెస్‌బర్గ్ వంటి వనాలు ఉన్నాయి. తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది. ఆఫ్రికా అంటే ఎండే కదా అని నూలుబట్టలతో దిగేవారు వణుకుతారు.

అడాయ్ పేరు వచ్చింది కనుక దాని కథ చెప్పకుండా ఉండలేం. 1919లో పంటలు పాడుచేస్తున్నవని అక్కడి ఏనుగులను కాల్చివేయడానికి ప్రభుత్వమే ఒక వేటగాని నియమించింది. ఒక ఏడాది తిరిగేలోగా వందకు పైగా ఏనుగులు నేలకూలాయి. 1931లో వనాన్ని స్థాపించేనాటికి మిగిలినవి పదకొండే. వాటిని పొలాలవైపు పోకుండా ఆపడానికి నారింజపండ్లు వేసి మరిగించారు. దాని ఫలితంగా అవి నారింజ వాసన తగిలితే ఆగలేని స్థితికి వచ్చాయి. 1954లో ట్రాముపట్టాలతోను, లిఫ్టు తాళ్ళతోను బలమైన కంచె కట్టిన తరువాతనే మందకు, రైతుకు కూడ శాంతి చిక్కింది. నేడు అక్కడ ఆరువందలకు పైగా ఏనుగులు ఉన్నాయి. ఈ కథ తెలిసి ఆ ఏనుగులను చూచే పిల్లవానికి, తెలియక చూచే పిల్లవానికి మధ్య ఎంత భేదం ఉన్నది! యాత్రా సంస్థల కరపత్రాలలో ఈ ఒక్క వాక్యానికి చోటు దొరకకపోవడం శోచనీయం.

అంతకన్న ముఖ్యమైనది మనుషుల కథ. క్రూగర్ ఉత్తరపు కొసన లింపోపో, లువువు నదుల నడుమ మకులేకె ప్రజలు నివసించేవారు. 1969లో నాటి వర్ణవివక్ష ప్రభుత్వం వారిని బలవంతంగా తరలించి ఆ భూమిని వనంలో కలిపింది. వివక్షపాలన అంతమైన పిదప వారు న్యాయం కోసం పోరాడి 1998లో సుమారు 24,000 హెక్టార్ల భూమిపై హక్కు తిరిగి పొందారు. వారు చేసిన పని మాకు నేటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆ నేలపై ఇళ్ళు కట్టుకొని పంటలు పండించుకొనే బదులు, దానిని వనంలో భాగంగానే ఉంచి, యాత్రికుల వసతిగృహాల ద్వారా ఆదాయం పొందడానికి నిర్ణయించుకున్నారు. నమీబియాలోని ఎటోషా నుండి 1954లో వెళ్ళగొట్టబడిన హాయ్‌ఓమ్ ప్రజలకు అట్టి భాగ్యం కలగలేదు. నల్లమలలో చెంచు పెంటల తరలింపును గూర్చిన వాదోపవాదాలు వింటున్న మనకు ఈ విషయాలు పరాయివి కావు. అడవి అంటే మనుషులు లేని చోటు అనే భావంతో పిల్లలను అక్కడికి తీసుకొనిపోవడం కన్న ఇంట కూర్చోబెట్టడమే మేలు.

విదేశీయుల నుండి క్రూగర్‌లో దినసరి రుసుము స్థానికుల కన్న అనేక రెట్లు వసూలు చేస్తారు. మా మిత్రులొకరు దీనిని అన్యాయమన్నారు. మాకు అట్లు తోచలేదు. తాజ్ మహల్ వద్ద మనమూ ఇదే చేస్తున్నాం. ఆ అడవిని కాపాడే భారం అక్కడి ప్రజలదే. 2014లో దక్షిణాఫ్రికాలో 1,215 ఖడ్గమృగాలు వేటగాళ్ళ పాలైనాయి. 2024 నాటికి ఆ సంఖ్య 420కి దిగింది. దిగడం వెనుక ఎందరు కావలివారి నిద్రలేని రాత్రులు ఉన్నాయో ఊహించుకోవలసిందే. యాత్రికుడు చేయగల సాయం ఒకటున్నది. ఖడ్గమృగం కనిపిస్తే ఏ చోట కనిపించిందో ఫోనులో ఊరంతా చాటకుండా ఉండడం. ఆ ఛాయాచిత్రం వేటగానికి దారి చూపవచ్చు.

సింహపు పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకొని ఫోటో తీయించుకొనే తోటలను గూర్చి కూడ ఒక మాట. ఆ పిల్లలను తల్లి నుండి వేరుచేసి పెంచుతారు. పెరిగి పెద్దవైన తరువాత అట్టి సింహాలు కంచెలోపలి వేటకు, ఎముకల వ్యాపారానికి చేరిన ఉదంతాలు బయటపడ్డాయి. 2021లో ఆ దేశ ప్రభుత్వమే ఈ పెంపకానికి స్వస్తి చెప్పదలచినట్లు ప్రకటించింది. మా చిన్నమ్మాయి ఈ ఫోటో కోసం ఎంత ఏడ్చినా సరే, ఆ గడప తొక్కేది లేదు.

ఇక మా పథకం. జోహాన్నెస్‌బర్గ్‌లో దిగి, ఒక మామూలు కారు అద్దెకు తీసుకొని, ఐదారు గంటలలో క్రూగర్ చేరడం. అక్కడ రెండే శిబిరాలు, ఒక్కొక్క చోట మూడేసి రాత్రులు. వనంలో తారురోడ్లు బాగుంటాయి కనుక పెద్ద జీపు అవసరం లేదు. రోడ్డుకు ఎడమప్రక్కన నడపడం మనకు అలవాటైనదే. శిబిరాలలో వంటకు ఏర్పాటున్న కుటీరాలు దొరుకుతాయి. హలాల్ ముద్రగల సరుకులు పట్టణాల దుకాణాలలో విరివిగా లభిస్తాయి. భోజనం చింత తీరితే మా తల్లిగారికి సగం భయం తీరినట్లే. పార్కువారు స్వయంగా తిప్పే బండ్లలోకి ఆరేళ్ళ లోపు పిల్లలను రానివ్వరు. మా చిన్నమ్మాయికి ఆరు నిండేది ఏప్రిల్‌లో, ఆ లెక్క చూచుకొనే మే నెల నిర్ణయించాం. వసతి సుమారు పదకొండు నెలల ముందునుండే కేటాయిస్తారు, ఆలోచిస్తూ కూర్చుంటే మంచి కుటీరాలు చేయిదాటిపోతాయి.

క్రూగర్ నుండి దక్షిణానికి దిగి హ్లూహ్లూవె-ఇంఫొలోజి వనంలో రెండు రాత్రులు. తెల్ల ఖడ్గమృగం భూమిపై నేటికీ మిగిలి ఉన్నదంటే ఈ వనం పుణ్యమే. పటంలో చూస్తే మధ్యలోని ఎస్వాతీని దేశం గుండా అడ్డదారి కనిపిస్తుంది. చాలమంది అక్కడే చిక్కుకుంటారు. దేశం దాటి మళ్ళీ దక్షిణాఫ్రికాలో అడుగుపెట్టడానికి ఒకే ప్రవేశానికి ఇచ్చిన వీసా చాలదు, అద్దె బండికి విడిగా అనుమతి పత్రం కావాలి. కనుక చుట్టుదారినే పోవడం, పగలే పోవడం. చీకటిపడిన తరువాత ఆ రోడ్లపై పశువులూ పాదచారులూ ఎదురవుతారు.

చివర రెండు రోజులు డర్బన్‌కు ఉంచాం. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మదరాసు నుండి 342 మందిని తెచ్చి ఆ రేవులో దించింది. వారు చెరకు తోటలకు ఒప్పందపు కూలీలు. 1911 వరకు సాగిన ఆ వలసలో లక్షన్నరకు పైగా భారతీయులు అక్కడికి చేరారు. వారిలో మన తెలుగు జిల్లాలవారు ఎందరో. వారి సంతతి 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొని భాషను నిలుపుకొనడానికి పాటుపడింది. హ్లూహ్లూవె నుండి డర్బన్‌కు వచ్చే రహదారి ఆ చెరకు తోటల నడుమనుండే సాగుతుంది. సింహం కోసం అంతదూరం పోయి ఈ రోడ్డును నిద్రలో దాటేవారిని చూస్తే మాకు జాలి కలుగుతుంది.

ఈ రెండు రోజులకోసం కేప్ టౌన్‌ను వదలుకొనవలసి వచ్చింది. జోహాన్నెస్‌బర్గ్ నుండి అది 1,400 కిలోమీటర్లు, మా పన్నెండు రోజులలో ఇముడదు. అక్కడి సముద్రతీరంలో పెంగ్విన్ పక్షులు ఉంటాయని మా అబ్బాయి ఎక్కడో చదివాడు. పెంగ్విన్లు లేని ఆఫ్రికా తనకు అక్కరలేదని నెలరోజులుగా పేచీ పెడుతున్నాడు. మేము ఇంకా లొంగలేదు.