చిన్న నాణెములు - వానిని వెదకు యంత్రములు



గడచిన మాసమున గుంటూరు జిల్లానుండి యొక సోదరి వ్రాసిన జాబు నాకు చేరినది. ఆమె కూతురును అల్లుడును ఇంగ్లండు దేశమున సఫక్ ప్రాంతమున కాపురముందురట. ఆదివారములయందు వారిరువురును ఒక యంత్రమును చేతబట్టుకొని పొలములవెంట తిరిగి, మన్నులో పడియున్న పూర్వకాలపు నాణెములను ఏరుచుందురట. "అమ్మా, పండుగకు మీరు పంపెడు సొమ్ముతో ఇంతకంటె మంచి యంత్రమును కొనుక్కొందుము" అని కూతురు వ్రాయగా తల్లికి రెండు సందేహములు గలిగినవి. ఏ యంత్రము మేలు? పరుల నేల త్రవ్వి నిధులకు ఆశపడుట మర్యాదయేనా? నాకు రెండవ ప్రశ్నయే పెద్దదిగా తోచినది. అయినను సొమ్ము మాట ముందు తేల్చెదను.

అచ్చటి నేలలో నేమి దొరకునో మొదట తెలియవలెను. 17వ శతాబ్దము నడుమ వఱకు ఇంగ్లండులో చాలవఱకు నాణెములను సుత్తితో కొట్టియే ముద్రవేసెడివారు. 1279కి పూర్వము సామాన్యముగా చేతులు మారునది వెండి పెన్నీ యొక్కటియే. చిల్లర కావలసినవారు దానిని రెండు తునుకలుగనో నాలుగు తునుకలుగనో కత్తిరించుకొనెడివారు. నాణెము వెనుకనున్న సిలువ గుర్తే వారికి కొలగీత. పెన్నీ బరువు గ్రామున్నర లోపు. దాని పాతిక తునుక సుమారు మూడు గురువింద గింజల యెత్తు. 1279లో మొదటి ఎడ్వర్డు రాజు గుండ్రని ఫార్దింగులను వేయించెను గాని, అవియు చొక్కా గుండీలకంటె పెద్దవి కావు. బీదయింటి యిల్లాలు సంతలో రొట్టెయో గ్రుడ్లో కొనుటకు తీసికొనిపోయిన సొమ్ము ఇదియే. త్రోవలో జాఱిపడినచో ఆనాడే దొరకియుండదు; ఏడువందల యేండ్లు నాగలి క్రింద నలిగిన పిమ్మట దొరకుట యెంత కష్టమో చెప్పనక్కఱలేదు.

యంత్రమనగా భయపడవలసినదేమియు లేదు. పొడవైన కాడ, దాని చివర అట్లపెనమంత గుండ్రని బిళ్ళ, చేతికందునట్లు చిన్న పెట్టె, అంతే. బిళ్ళలో రాగితీగ చుట్టలు దాగియుండును. ఒక చుట్టలో విద్యుత్తు సెకండునకు కొన్ని వేలమార్లు అటునిటు మాఱుచుండును. దానివలన పుట్టిన అయస్కాంతశక్తి నేలలోనికి దిగును. అడుగున లోహమున్నచో దానిలో సన్నని విద్యుత్ప్రవాహములు సుడులు తిరుగును. ఆ సుడులు తిరిగి పంపు శక్తిని రెండవ చుట్ట పసిగట్టి చెవికి మ్రోత వినిపించును. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ దొర 1881లో ఇట్టి సాధనముతోనే, తుపాకి దెబ్బ తిన్న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు దేహములో గుండెచ్చట నున్నదో వెదకెను. మంచపు పఱుపులోని ఉక్కుతీగలు ఆయనను తికమకపెట్టినవి. గుండు దొరకలేదు, ఆ సెప్టెంబరులోనే అధ్యక్షుడు మరణించెను.

నేటి పొలములలోను అదే చిక్కు. ఊరి దగ్గఱి నేలనిండ తుప్పుపట్టిన మేకులే. చిన్న వెండి తునుక ప్రక్కన మేకొకటి యున్నచో, మేకు మ్రోతలో వెండి మాట వినబడదు. ఇక పలుచని తునుకలో సుడులు పుట్టిన వెంటనే చల్లారిపోవును. విద్యుత్తు సెకండునకు 5 వేలమార్లు మాత్రము మాఱు యంత్రము, పెద్ద రాగి నాణెములను మందమైన వెండిని లోతునుండి చక్కగా పట్టును గాని, ఈ తునుకలను తఱచు జాఱవిడుచును. 15 వేలు, 20 వేలు, అంతకు మించి మాఱునది వీనిని బాగుగ పట్టును. వేయిమార్లను కిలోహెర్ట్జు అందురు. అంగడిలో ఆ మాటయే వినబడును.

ఈ తునుకలతో మఱియొక చిక్కు గలదు. వాని మ్రోత మిఠాయిలకు చుట్టు అల్యూమినియము రేకు మ్రోతవలెనే యుండును. పనికిరాని వస్తువుల మ్రోతను అణచివేయుటకు యంత్రములో నొక యేర్పాటు గలదు. క్రొత్తవారు రేకులు త్రవ్వలేక విసిగి దానిని హెచ్చుగా త్రిప్పుదురు. దానితో వెండియు మూగవోవును. చేటతో చెఱుగునప్పుడు ఊక పూర్తిగా పోవలెనని గట్టిగా ఎగురవేసిన నూకలును ఎగిరిపోవుట మనమెఱుగమా? పది రేకులు త్రవ్వుటకు ఓర్పులేనివారికి ఎంత వెల పెట్టి కొన్న యంత్రమైనను ఫార్దింగును చూపదు.

ఇక ఏది కొనవలెను? ఫ్రాన్సు దేశపు ఎక్స్‌పి డ్యూస్ 2009లో వచ్చినది. మిక్కిలి తేలిక, బిళ్ళకును పెట్టెకును నడుమ తీగ లేదు, మేకుల నడుమ చుఱుకుగా పనిచేయునని పేరు. మొదటి బిళ్ళలు 4 మొదలు 18 కిలోహెర్ట్జుల వఱకు పనిచేసెడివి. తరువాత అంతకు మించిన బిళ్ళలు వచ్చినవి. ఆస్ట్రేలియా దేశపు మినెలాబ్ వారి ఈక్వినాక్స్ 800 అనునది 2018లో అంగళ్లకు వచ్చినది. 5, 10, 15, 20, 40 అని విడివిడిగను, పలుకొలతలు ఒకేసారి కలిపియు పంపగలదు. దాని తమ్ముడైన 600లో 20యు 40యు లేవు. డ్యూస్ రెండవ రకము 2021లో వచ్చి, తానును పలుకొలతలు ఒకేసారి పంప నేర్చినది. పల్స్ యంత్రములని వేఱొక జాతి గలదు. అవి సముద్రపుటొడ్డున ఉప్పునీటికి బెదరవు, లోతునకు దిగును. కాని ఇనుమును వెండిని వేఱుచేయుటలో మొద్దు. ఇంగ్లండు పల్లెపొలములో వానిని పట్టుకొన్నవారు ప్రొద్దుగ్రుంకువఱకు మేకులే త్రవ్వుచుందురు.

నా మాట యేమనగా, ఆ యమ్మాయి కోరునది చిన్న వెండి గనుక పలుకొలతల యంత్రమునే కొనవలెను. అది వెలకందనిచో 15 కిలోహెర్ట్జులకు తగ్గనిది చాలును. బిళ్ళ మాత్రము తొమ్మిది అంగుళములకు మించనీయరాదు. పెద్ద బిళ్ళ లోతు చూచును గాని చిన్నదానిని గమనింపదు. కొనుటకు ముందు పాత పట్టీనుండి ఊడిన సన్నని వెండి రేకునొకదానిని ఇనుపమేకు ప్రక్కన పెట్టి, బిళ్ళను మెల్లగా త్రిప్పి చూడవలెను. అంగడివాని పొగడ్తకంటె ఆ రేకు చెప్పు సాక్ష్యము మేలు. కొన్న పిదప బిళ్ళను గడ్డికి తగులునంత క్రిందుగా, తొందరపడక నడపవలెను.

ఇక రెండవ ప్రశ్న. ఆ దంపతులుండు సఫక్ ప్రాంతమునందే హాక్సన్ అను గ్రామము గలదు. 1992 నవంబరు 16న అచ్చటి రైతొకడు పొలములో పోగొట్టుకొన్న సుత్తిని వెదకిపెట్టుటకు యంత్రముగల స్నేహితుడొకడు పోయెను. యంత్రము మ్రోగినచోట త్రవ్వగా వెండి చెంచాలును, బంగారమును, నాణెములును బయల్పడినవి. అంతట నతడు చేయి నిలిపెను. మిగిలినదానిని పెల్లగింపక అధికారులకును పురాతత్త్వజ్ఞులకును కబురంపగా, వారు వచ్చి పొరపొరగా త్రవ్వితీసిరి. సుమారు 15,000 రోమను నాణెములు, వానిలో అధికభాగము చిన్న వెండి నాణెములు. 78 చెంచాలు, 20 గరిటెలు. అతడు ఆగినందుననే, ఇదంతయు ఓక కొయ్య పెట్టెలో నుండెననియు, లోపల చిన్న పెట్టెలుండెననియు, కొన్ని వస్తువులకు గడ్డియు ఉన్నిగుడ్డయు చుట్టిరనియు తెలిసినది. ఒక బంగారు కడియముమీద జూలియానా అను నామె పేరుతో శుభాకాంక్ష చెక్కబడియున్నది. స్త్రీమూర్తి రూపున నొక మిరియాల డబ్బీయు దొరకినది. ఆ కాలమున రోమను వంటయింటికి మిరియములు మన దక్షిణదేశమునుండియే పోయెడివి. ఆత్రముతో చేతికందినది లాగుకొన్నయెడల వెండి మిగిలియుండును గాని, ఏ యిల్లాలో సర్దిన తీరు మిగిలెడిది కాదు. సుత్తియు దొరకినది, అదియు బ్రిటిషు మ్యూజియము చేరినది.

కావున మర్యాద యంతయు ఎట్లు త్రవ్వుదురనుటలో నున్నది. నేలగలవాని అనుమతి ముందుండవలెను. రక్షిత స్థలములలో యంత్రము వాడుట 1979 నాటి చట్టము ప్రకారము నేరము. 1996 నాటి నిధి చట్టము ప్రకారము 300 ఏండ్లు దాటిన వెండి బంగారు నాణెములు రెండుగాని అంతకు మించిగాని ఒక్కచో దొరకినచో 14 దినములలో తెలుపవలెను. ఒంటి నాణెమునకు ఆ నిర్బంధము లేదు. అయినను స్వచ్ఛందముగా వ్రాయించుకొనుటకు 1997లో ఏర్పాటొకటి మొదలైనది. నేటికి పది లక్షలకు పైగా వస్తువులు ఆ పట్టికలోనికెక్కినవి. ఏ చేని ఏ మూల దొరకినదో ఆనాడే వ్రాసికొనుమని అమ్మాయికి తల్లి చెప్పవలెను. మన దేశమునను, పది రూపాయలు మించిన నిధి దొరకినవారు కలెక్టరునకు వ్రాతమూలకముగా తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించుచున్నది. గుప్తనిధులని గుడిగోపురముల పునాదులు పెకలించువారితో ఈ దంపతులను పోల్చి బెంగపడనక్కఱలేదు.

ఒక్కమాట మఱచితిని. దొరకిన నాణెమును మన అలవాటు చొప్పున చింతపండుతో తోమవలదు. పులుపు మకిలితోకూడ అక్షరములను తినివేయును. పలుచని పాత వెండి వ్రేళ్ళ నడుమనే విఱుగును. మన్ను అంటియున్నట్లే చిన్న సంచిలో వేసి, చోటు పేరు వ్రాసి, తెలిసినవారికి చూపవలెను. ఆ పొలమునుండి మొదటి పాతిక తునుక దొరకిననాడు జాబు వ్రాయుమని ఆ సోదరి తన కూతురితో చెప్పినయెడల, దాని బొమ్మను ఈ పుటలోనే ముద్రింపింతును.